రిపోర్టులో 'ప్లాసియా', 'ట్రోఫీ' అని ఉంటే కాన్సర్ అనుకోవాలా? ఒక పాథాలజిస్టు సమాధానం

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నాన్నగారికి 63 ఏళ్లు, చాలాకాలంగా బీపీ ఉంది. ఈమధ్య చేయించిన చెకప్‌లో ఎకో రిపోర్టులో 'కాన్సెంట్రిక్ ఎల్‌వీహెచ్', పొట్ట స్కానింగ్‌లో 'ప్రోస్టేటోమెగాలీ', ఎండోస్కోపీ బయాప్సీలో 'ఇంటెస్టైనల్ మెటాప్లాసియా, డిస్‌ప్లాసియా లేదు' అని వచ్చాయి. అమ్మగారి పాప్ స్మియర్‌లో 'స్క్వేమస్ మెటాప్లాసియా' అని రాశారు. నెట్‌లో ఏ మాట కొట్టినా చివరికి కాన్సర్ దగ్గరే తేలుతోంది. ఇంట్లో అందరికీ టెన్షన్, ఎవరూ సరిగ్గా తినడం లేదు. వీటిలో దేనికి భయపడాలి?

జవాబు:

ముందు భోజనాలు కానివ్వండి. మీరు రాసిన నాలుగు మాటల్లో ఒక్కటీ కాన్సర్ కాదు. అమ్మగారిది అసలు జబ్బే కాదు. నాన్నగారి మూడింటిలో ప్రోస్టేటు సంగతి ఆ వయసు మగవాళ్లలో చాలామందిలో కనిపించేదే. గుండె సంగతి బీపీ కంట్రోల్‌తో ముడిపడి ఉంది. కడుపు సంగతి మాత్రం వదిలేయకుండా పద్ధతిగా చూసుకోవాలి. నేను పాథాలజిస్టుని, బయాప్సీ స్లైడ్లు చూడటమే నా పని. మీ రిపోర్టులు నా ముందు లేవు కాబట్టి మందుల జోలికి పోను. ఆ మాటల వెనక ఒంట్లో ఏం జరుగుతోందో మాత్రం కాస్త వివరంగా చెబుతాను. అది తెలిస్తే డాక్టరుగారిని ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

కణం చుట్టూ పరిస్థితులు మారితే దానికి రెండే దారులు. సర్దుకోవాలి, లేకపోతే చచ్చిపోవాలి. మన శరీరంలో ఎక్కువ కణాలు మొదటి దారే పడతాయి. పని భారం పెరిగితే కణం సైజు పెరుగుతుంది, దాన్ని హైపర్‌ట్రోఫీ అంటాం. విభజన చెందగలిగే కణమైతే సంఖ్య పెంచుకుంటుంది, అది హైపర్‌ప్లాసియా. పని తగ్గినా, పోషణ తగ్గినా, హార్మోన్ అందకపోయినా చిక్కిపోతుంది, అది అట్రోఫీ. ఉన్నచోట పొగో, ఆమ్లమో, రాపిడో తట్టుకోలేకపోతే ఆ స్థానంలో వేరే రకం కణాలు పుట్టుకొస్తాయి, అది మెటాప్లాసియా. ఈ నాలుగింటి వెనకా ఏదో ఒక కారణం ఉండి తీరుతుంది. ఆ కారణం తొలగితే మార్పు ఆగుతుంది, చాలాసార్లు వెనక్కి కూడా వస్తుంది. కాన్సర్ కణానికి అలాంటి కారణం అక్కర్లేదు. అది తనంతట తాను పెరుగుతూనే ఉంటుంది, మొదట పురిగొల్పినది పోయినా ఆగదు. అందుకే ఇలాంటి రిపోర్టు చూసినప్పుడు నేను ముందు వెతికేది కారణాన్ని. తర్వాత చూసేది, ఆ కారణం ఇంకా కొనసాగుతోందా లేదా అని.

ముందు గుండె సంగతి.

ఎల్‌వీహెచ్ అంటే గుండె ఎడమ జఠరిక గోడ మందమెక్కడం. మామూలుగా ఆ గోడ మందం 1 సెంటీమీటరుకి కాస్త అటూఇటూ ఉంటుంది. పెద్దవాళ్ల గుండె బరువు దాదాపు 300 గ్రాములు. ఏళ్ల తరబడి బీపీ అదుపులో లేని మనిషి గుండె 500 గ్రాములు కూడా దాటొచ్చు. అంత బరువు పెరిగినా కండర కణాల సంఖ్య మాత్రం చెప్పుకోదగ్గంతగా పెరగదు. గుండె కండర కణాలు దాదాపు విభజన మానేసిన కణాలు. 1950లు, 60లలో అణుబాంబు పరీక్షల వల్ల వాతావరణంలో కార్బన్-14 పెరిగింది కదా, కణాల డీఎన్ఏలో దాని పాళ్లను బట్టి వాటి వయసును స్వీడన్ పరిశోధకులు లెక్కగట్టి 2009లో ప్రచురించారు. 25 ఏళ్ల వయసులో ఏడాదికి 1 శాతం గుండె కణాలు కొత్తగా వస్తాయి. 75 ఏళ్లకి అది 0.45 శాతానికి తగ్గిపోతుంది. అంటే ఒక జీవితకాలంలో సగం కణాలు కూడా మారవు. కొత్త పనివాళ్లు దొరకరు కాబట్టి ఉన్నవాళ్లే లావెక్కాలి.

ఆ లావెక్కడంలోనూ ఒక లెక్క ఉంది. బీపీ ఎక్కువైనప్పుడు కణం లోపల సంకోచించే పోగులు ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. దాంతో కణం మందమై, గోడ దళసరి అయి, లోపలి గది ఇరుకవుతుంది. మీ రిపోర్టులో 'కాన్సెంట్రిక్' అన్న మాటకి అర్థం అదే. కవాటం లీకై రక్తం ఎక్కువగా వచ్చి పడుతుంటే పోగులు ఒకదాని చివర ఒకటి చేరి కణం పొడుగవుతుంది, గది సాగుతుంది. స్లైడు మీద చూస్తే, మామూలు గుండెలో సన్నగా కోలగా ఉండే కేంద్రకాలు ఇక్కడ పెద్దవై, చివర్లు మొద్దుబారి దీర్ఘచతురస్రాల్లా కనిపిస్తాయి. మరీ ముదిరితే కణాల మధ్య గులాబీ రంగు మచ్చ కణజాలం చారలు చారలుగా పరుచుకుని ఉంటుంది.

ఆ మచ్చే అసలు చిక్కు. కణం లావెక్కినంతగా దానికి రక్తం తెచ్చే సన్న నాళాలు పెరగవు. ఇంటి మీద రెండు అంతస్తులు లేపి పాత కుళాయి గొట్టమే ఉంచినట్టు అవుతుంది. లోపలి పొరల్లోని కణాలకి ఆక్సిజన్ చాలదు, కొన్ని చనిపోతాయి, వాటి స్థానంలో మచ్చ ఏర్పడుతుంది. కణాలు కూడా గర్భంలో ఉన్నప్పుడు వాడిన కొన్ని పాత ప్రొటీన్లను మళ్లీ తయారుచేయడం మొదలుపెడతాయి. ఈ దశ దాటాకే గుండె బలహీనపడటం, ఆయాసం మొదలవుతాయి.

బీపీ గట్టిగా అదుపులో ఉంచితే గోడ మందం నెలల్లో, ఏళ్లలో తగ్గుతుంది. 2002లో వెలువడిన లైఫ్ అనే పెద్ద ట్రయల్‌లో ఎల్‌వీహెచ్ ఉన్న 9 వేలకు పైగా మందికి లోసార్టాన్ కానీ అటెనొలాల్ కానీ, అంటే రెండు వేర్వేరు బీపీ మందుల్లో ఒకటి, ఇచ్చి పోల్చారు. లోసార్టాన్ తీసుకున్నవాళ్లలో ఎల్‌వీహెచ్ ఎక్కువగా తగ్గింది, పక్షవాతం కేసులూ తగ్గాయి. పడిపోయిన మచ్చ మాత్రం పోదు. కాబట్టి నాన్నగారి బీపీ ఇప్పుడు ఎంత ఉంటోంది అన్నది ఎకోలో రాసిన మిల్లీమీటర్ల కన్నా ముఖ్యం. ఇంట్లో మిషన్ కొనుక్కుని పొద్దున, సాయంత్రం చూసి పుస్తకంలో రాసిపెట్టండి. వ్యాయామం చేసే క్రీడాకారుల గుండె కూడా పెద్దదవుతుంది కానీ అందులో మచ్చ ఉండదు, సాధన ఆపితే మళ్లీ తగ్గుతుంది. బరువు మోయడంలో మధ్యమధ్య విశ్రాంతి ఉండటమే తేడా అని నాకనిపిస్తుంది. బీపీకి విశ్రాంతి లేదు, నిద్రలో కూడా గోడ మీద ఒత్తిడి ఉంటూనే ఉంటుంది.

ఇక ప్రోస్టేటు. 'ప్రోస్టేటోమెగాలీ' అంటే మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేటు గ్రంథి పెద్దదవడం. ఈ వయసులో దానికి మామూలు కారణం హైపర్‌ప్లాసియా, కణాల సంఖ్య పెరగడం. టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్ ప్రభావంతో ప్రోస్టేటులో మూత్రనాళం చుట్టూ ఉన్న భాగం గడ్డలు గడ్డలుగా పెరుగుతుంది. యువకుల్లో ప్రోస్టేటు బరువు దాదాపు 20 గ్రాములు ఉంటుంది. 60 దాటిన మగవాళ్లలో సగం మందికి పైగా ఈ మార్పు మైక్రోస్కోపులో దొరుకుతుంది. ఇది కాన్సర్‌గా మారదు. ప్రోస్టేటు కాన్సర్ ఎక్కువగా బయటి అంచు భాగంలో వస్తుంది, అది వేరే దారి. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు కాబట్టి పీఎస్ఏ (ప్రోస్టేటు తయారుచేసే ఒక ప్రొటీన్‌ని రక్తంలో కొలవడం) పరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడండి. డీహెచ్‌టీ తయారీని అడ్డుకునే ఫినాస్టెరైడ్ లాంటి మందు వాడితే కొన్ని నెలల్లో ప్రోస్టేటు సైజు తగ్గుతుంది, హార్మోన్ తగ్గితే కణాలూ తగ్గుతాయనడానికి అదే నిదర్శనం. ఆ మందు పీఎస్ఏని కూడా దాదాపు సగానికి దించేస్తుంది. మందు వాడుతున్నట్టు చెప్పకపోతే రిపోర్టు చూసి 'అంతా బాగానే ఉంది' అనుకునే ప్రమాదం ఉంది. ఇది చాలామంది మర్చిపోతారు.

నేను జూనియర్లకి ఈ పాఠం చెప్పేటప్పుడు ఇలా మూత్రం అడ్డుపడిన మనిషి మూత్రవ్యవస్థనే తీసుకుంటాను, ఎందుకంటే నాలుగు మార్పులూ అక్కడే వరసగా దొరుకుతాయి. ప్రోస్టేటులో హైపర్‌ప్లాసియా వచ్చి దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులోంచి మూత్రాన్ని తోయడానికి బ్లాడర్ కండరం హైపర్‌ట్రోఫీ చెందుతుంది, లోపలికి చూస్తే గోడ మీద తాళ్లు అల్లినట్టు కండరం ఉబ్బి కనిపిస్తుంది. స్కానింగ్ రిపోర్టులో 'ట్రాబెక్యులేషన్' అని రాసేది దాన్నే. అలా తోసీ తోసీ బ్లాడర్ ఓడిపోతే మూత్రం వెనక్కి ఎగదన్ని కిడ్నీ సంచి ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి కిడ్నీ పైపొర పలుచబడుతుంది, అది అట్రోఫీ. బ్లాడర్‌లో రాయి ఏర్పడినా, ఏళ్ల తరబడి క్యాథెటర్ ఉన్నా ఆ రాపిడికి లోపలి పొర చర్మం తరహా స్క్వేమస్ కణాలుగా మారుతుంది, అది మెటాప్లాసియా. ఈ గొలుసులో మొదటి కొక్కెం తీసేస్తే మిగతావి చాలావరకు ఆగుతాయి. కిడ్నీ పలుచబడినంత మేర మాత్రం తిరిగి రాదు. మూత్రం సన్నగా వస్తున్నా 'వయసు కదా' అని సర్దుకుపోయే పెద్దాయనలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, మీ ఇంట్లో అలా జరగనివ్వకండి.

కారణం తీసేస్తే మార్పు తగ్గుతుందని కొన్ని ఊళ్ల మీద చేసి చూపించినవాడు మనవాడే. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరైన పాథాలజిస్టు వులిమిరి రామలింగస్వామి. హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో మెడ ముందు గాయిటర్ గడ్డ లేని ఇల్లు అరుదుగా ఉండేది. అక్కడి నేలలో, నీళ్లలో అయోడిన్ లేదు. అయోడిన్ చాలక థైరాయిడ్ హార్మోన్ తగ్గితే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ని పెంచుతుంది, ఆ టీఎస్‌హెచ్ థైరాయిడ్ కణాలను పెరగమంటూ ఉంటుంది. 1950లలో మొదలుపెట్టిన ఆ అధ్యయనంలో లోయలో కొన్ని ప్రాంతాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు అందేలా చూశారు. కొన్నేళ్లకి అయోడిన్ ఉప్పు తిన్నచోట గాయిటర్ బాగా తగ్గింది, మామూలు ఉప్పు ప్రాంతంలో అలాగే ఉంది. తర్వాత వాళ్లకీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు. 1962లో మొదలైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి ఈ పని పెద్ద ఊతం. ఆపరేషన్ లేకుండా, వంటింటి ఉప్పుతో హైపర్‌ప్లాసియా తగ్గించడమంటే మాటలు కాదు. దశాబ్దాలపాటు ఉండి గట్టి ముడులు కట్టేసిన గాయిటర్లు మాత్రం ఉప్పుతో పూర్తిగా కరగవు. ఎంత తొందరగా కారణం తీస్తే అంత మేలన్నది ఇక్కడా కనిపిస్తుంది.

ఈ సర్దుబాట్లన్నీ జబ్బులే అనుకోకండి. గర్భసంచి మామూలుగా 60, 70 గ్రాములు. నెలలు నిండేసరికి దాదాపు 1 కిలో అవుతుంది, ఒక్కో కండర కణం పొడవు 50 మైక్రాన్ల నుంచి 500 మైక్రాన్ల దాకా పెరుగుతుంది. కాన్పయిన రెండు వారాలకి 300 గ్రాములకు, ఆరు వారాలకి దాదాపు మామూలు సైజుకు వచ్చేస్తుంది. లివర్ దానం చేసినవాళ్లలో కోసిన ముక్క మళ్లీ మొలవదు, మిగిలిన భాగమే కణాలు పెంచుకుని కొన్ని నెలల్లో దాదాపు పాత పరిమాణానికి చేరుతుంది. కిడ్నీ దానం చేసినవాళ్లలో కథ వేరు. కిడ్నీలో వడపోత యూనిట్లు మనం పుట్టకముందే పూర్తిగా ఏర్పడిపోతాయి, కొత్తవి రావు, ఉన్నవే సైజు పెరిగి పని పంచుకుంటాయి.

అట్రోఫీ గురించి మీరు అడగలేదు కానీ ఒక్క విషయం చెప్పకుండా వదలలేను. కాలికి కట్టు కట్టి విప్పాక పిక్క సన్నబడటం అందరూ చూసే ఉంటారు, వ్యాయామం చేయిస్తే అది మళ్లీ వస్తుంది. కంటికి కనపడని అట్రోఫీ ఇంకొకటుంది. కీళ్లనొప్పులకో, ఆయాసానికో ఊళ్లో ఎవరో ఇచ్చిన చిన్న బిళ్లలు నెలల తరబడి వాడేవాళ్లున్నారు. 'ఆ బిళ్ల వేసుకుంటే లేచి తిరుగుతాను' అంటారు. వాటిలో చాలాసార్లు ఉండేది డెక్సామెథాసోన్ లేదా ప్రెడ్నిసొలోన్, అంటే స్టెరాయిడ్. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే పిట్యూటరీ తన ఆదేశం ఆపేస్తుంది, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథి చిక్కిపోతుంది. స్లైడులో చూస్తే ఆ గ్రంథి బయటి పొర బాగానే ఉంటుంది, ఎందుకంటే దానికి ఆదేశం కిడ్నీ వైపు నుంచి వస్తుంది. కార్టిసాల్ తయారుచేసే లోపలి పొరలు మాత్రం సన్నని గీతలా మిగులుతాయి. అలాంటి మనిషి బిళ్ల ఒక్కసారిగా ఆపేసినా, ఆ సమయంలో జ్వరమో ఆపరేషనో వచ్చినా బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మీ ఇంట్లో ఎవరైనా అలాంటివి వాడుతుంటే వాళ్లంతట వాళ్లు ఆపొద్దు, డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. గ్రంథి కోలుకోవడానికి నెలలు పడుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. నాన్నగారి కడుపు.

'ఇంటెస్టైనల్ మెటాప్లాసియా' అంటే కడుపు లోపలి పొరలో పేగు కణాల్లాంటివి కనిపించాయని. ఉన్న కడుపు కణం పేగు కణంగా వేషం మార్చుకోదు. పొర అడుగున ఉండే మూలకణాలు కడుపు కణాలు తయారుచేసే బదులు పేగు రకం కణాలు తయారుచేయడం మొదలుపెడతాయి. సీడీఎక్స్2 అనే జన్యువు మామూలుగా పేగుల్లోనే పనిచేస్తుంది, ఇక్కడ కడుపులో మేలుకుంటుంది. మైక్రోస్కోపు కింద ఇది దొరికిపోవడం తేలికే. మామూలు కడుపు కణాల వరసలో ప్రతి కణం పైభాగం పలచగా నిండి ఉంటుంది, అన్నీ ఒకేలా ఉంటాయి. మధ్యలో హఠాత్తుగా గుండ్రటి పారదర్శకమైన బుడగ ఉన్న కణం కనిపిస్తుంది. అది గోబ్లెట్ కణం, కడుపులో దానికి పనిలేదు. ఆల్షియన్ బ్లూ అనే రంగు వేస్తే ఆ బుడగలు నీలంగా మెరుస్తాయి.

ఎందుకొస్తుంది? మన దగ్గర ఎక్కువగా హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా వల్ల. దీన్ని బయటపెట్టినందుకే మార్షల్, వారెన్‌లకి 2005లో నోబెల్ వచ్చింది. ఈ బాక్టీరియా ఏళ్ల తరబడి వాపు పుట్టిస్తుంది, ఆమ్లం తయారుచేసే గ్రంథులు చిక్కిపోతాయి, ఆ తర్వాత పేగు రకం కణాలు వస్తాయి. కొలంబియాకి చెందిన పెలాయో కొర్రియా 1970లలో ఈ వరసను వివరించాడు. వాపు, అట్రోఫీ, మెటాప్లాసియా, డిస్‌ప్లాసియా (కణాల క్రమం చెదరడం), కాన్సర్. నెట్‌లో మీరు చూసిన బొమ్మ బహుశా అదే. ఆ బొమ్మలో చెప్పని సంగతేమిటంటే, ఈ మెట్లు ఎక్కేవాళ్లు చాలా తక్కువ. నెదర్లాండ్స్‌లో దేశవ్యాప్తంగా బయాప్సీ రికార్డుల మీద చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఇంటెస్టైనల్ మెటాప్లాసియా ఉన్నవాళ్లలో ఏడాదికి 0.25 శాతం మందికి కడుపు కాన్సర్ వచ్చింది. అంటే ఏడాదికి 400 మందిలో ఒకరు. తీవ్రమైన డిస్‌ప్లాసియా ఉన్నవాళ్లలో అది 6 శాతం. అవి డచ్ లెక్కలే అయినా, ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని చూడండి. మీ రిపోర్టులో 'డిస్‌ప్లాసియా లేదు' అని రాసినాయన ఒక్క మాటతో మీకు చాలా మేలు చేశాడు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది డాక్టర్లకి కూడా గుర్తుచేయాల్సి వస్తుంది. పేగు రకంగా మారిన పొర మీద ఈ బాక్టీరియా నిలవదు. బయాప్సీ ముక్క అచ్చంగా ఆ చోటు నుంచే వస్తే 'హెచ్. పైలోరీ కనబడలేదు' అని రాయాల్సి వస్తుంది. అది నిజమే, కానీ పక్కనే ఉండొచ్చు. కాబట్టి బయాప్సీలో లేదన్నంత మాత్రాన వదిలేయకండి, మలంలో యాంటిజెన్ పరీక్షో, శ్వాస పరీక్షో చేయించమని అడగండి. దానికి ముందు రెండు వారాలు గ్యాస్ బిళ్లలు, అంటే పాంటొప్రజోల్, ఒమెప్రజోల్ రకాలు, నాలుగు వారాలు యాంటీబయాటిక్స్ వాడకూడదు, వాడితే ఉన్నా లేదని వస్తుంది. మన వాళ్లలో పొద్దున్నే పరగడుపున పాంటొప్రజోల్ వేసుకోవడం కాఫీ తాగినంత అలవాటైపోయింది కాబట్టి ఇది చెప్పాల్సి వస్తోంది. పరీక్ష కోసం ఆపొచ్చో లేదో డాక్టరునే అడగండి, గుండెకి ఆస్పిరిన్ లాంటివి వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపకూడదు. బాక్టీరియా ఉంటే పూర్తి కోర్సు వాడాలి, వాడాక పోయిందో లేదో మళ్లీ పరీక్షించాలి.

మందులతో మెటాప్లాసియా వెనక్కి వెళ్తుందా అంటే, నిజం చెప్పాలంటే అట్రోఫీ తగ్గినంత తేలికగా ఇది తగ్గదు. కొందరిలో తగ్గుతుంది, కొందరిలో అలాగే ఉండిపోతుంది. అయినా ముందు మెట్టుకి పోకుండా ఆపడం దానికదే లాభం. మళ్లీ ఎండోస్కోపీ ఎప్పుడు అన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది. మార్పు కడుపు కింది భాగంలోనే ఉందా, పై భాగానికీ పాకిందా. అది 'కంప్లీట్' రకమా, 'ఇన్‌కంప్లీట్' రకమా, ఎందుకంటే రెండోదానికి రిస్కు ఎక్కువ. దగ్గరి బంధువుల్లో ఎవరికైనా కడుపు కాన్సర్ ఉందా. కింది భాగానికే పరిమితమై, కుటుంబంలో ఎవరికీ లేకపోతే పదేపదే ఎండోస్కోపీ అక్కర్లేదనే ఎక్కువ మార్గదర్శకాలు అంటాయి. విస్తరించి ఉంటే యూరప్ మార్గదర్శకాలు 3 ఏళ్లకోసారి చూడమంటాయి. ఇది తేలాలంటే ఒక్క ముక్క చాలదు. కింది భాగం నుంచి రెండు, వంపు దగ్గర ఒకటి, పై భాగం నుంచి రెండు తీసి ఎక్కడివి అక్కడ రాసి పంపడం పద్ధతి. అన్నీ ఒకే డబ్బాలో వేసి పంపితే మేం ఎంత కళ్లు చించుకుని చూసినా 'ఎక్కడ' అన్నది చెప్పలేం.

డిస్‌ప్లాసియా అన్న మాట ఇంతసేపూ వాడాను కదా. మెటాప్లాసియాలో కణం రకం మారినా పద్ధతిగానే ఉంటుంది, వరసలు చెదరవు. డిస్‌ప్లాసియాలో ఆ క్రమం పోతుంది. కేంద్రకాలు నల్లబడి ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటాయి, అడుగున జరగాల్సిన విభజన పైపొరల్లోనూ కనిపిస్తుంది. సర్దుబాటుకీ కాన్సర్‌కీ మధ్య గీత ఎక్కడుందో అడిగితే నేను వేలు పెట్టేది ఇక్కడే.

ఉత్తరాంధ్ర తీరంలో ఈ గీతను అటూ ఇటూ దాటడం కళ్లారా చూడొచ్చు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల పల్లెల్లో, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట కాలుతున్న కొసను నోట్లో పెట్టుకుని పొగ తాగడం. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తులను పరీక్షించి ప్రచురించిన అధ్యయనంలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్లే. రోజూ ఆ వేడి, పొగ అంగిలికి తగులుతుంటే అక్కడి పొర కెరాటిన్ పేర్చుకుని దళసరిగా, తెల్లగా అవుతుంది. ఆ తెల్లదనం మధ్యలో చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు ఎర్రటి చుక్కల్లా ఉబ్బి కనిపిస్తాయి. ఇంతవరకూ అది రక్షణే, మానేస్తే చాలావరకు తగ్గుతుంది. తెలుపు మధ్య ఎర్రటి నున్నటి మచ్చలు మొదలైతే అక్కడి నుంచి బయాప్సీ తీయాల్సిందే, డిస్‌ప్లాసియా దొరికేది ఎక్కువగా ఆ ఎరుపులోనే. మిగతా చోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలి కాన్సర్ ఈ తీరంలో ఎక్కువగా రావడానికి కారణం ఈ అలవాటే. మీ అమ్మమ్మ, నానమ్మల్లో ఎవరికైనా ఈ అలవాటుంటే టార్చిలైటుతో అంగిలి ఒకసారి చూడండి. నొప్పి ఉండదు కాబట్టి వాళ్లంతట వాళ్లు చెప్పరు.

సిగరెట్ తాగేవాళ్ల శ్వాసనాళాల్లోనూ ఇంతే. దుమ్మును బయటికి తోసే సన్నటి వెంట్రుకలున్న కణాలు పోయి గట్టి స్క్వేమస్ కణాలు వస్తాయి. పొగ తట్టుకుంటాయి కానీ ఊడ్చే పని ఆగిపోతుంది, అందుకే ఆ దగ్గు. మానేసినవాళ్ల శ్వాసనాళాలు చాలావరకు కోలుకుంటాయని అమెరికాలో ఆస్కార్ అవర్‌బాక్ శవపరీక్షల్లో స్లైడ్లు చూసి 1962లోనే చూపించాడు. నాన్నగారు తాగుతుంటే మానిపించడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు, కడుపుకి కూడా అదే మంచిది.

అమ్మగారి సంగతి రెండు ముక్కల్లో. గర్భాశయ ముఖద్వారం దగ్గర లోపలి స్తంభాకార కణాలు బయటి ఆమ్ల వాతావరణానికి తగిలి స్క్వేమస్ కణాలుగా మారడం యవ్వనం నుంచి ప్రతి స్త్రీలోనూ జరుగుతుంది. పాప్ స్మియర్‌లో ఆ కణాలు కనిపించాయంటే శాంపిల్ సరైన చోటు నుంచి తీశారని అర్థం. హెచ్‌పీవీ వైరస్ అంటుకునేది కూడా ఆ ప్రాంతానికే కాబట్టి క్రమం తప్పకుండా పరీక్ష చేయిస్తూ ఉంటే చాలు, అంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఒకవేళ ఎప్పుడైనా గర్భసంచి పొరకి 'ఎండోమెట్రియల్ హైపర్‌ప్లాసియా' అని వస్తే మాత్రం దాని పక్కన 'ఎటిపియా', అంటే కణాల రూపం అసహజంగా మారడం, ఉందా లేదా అని చూడండి. కుర్మన్ బృందం 1985లో ప్రచురించిన లెక్కల్లో చికిత్స లేకుండా వదిలేస్తే ఎటిపియా లేని సాధారణ రకంలో 1 శాతం, ఎటిపియా ఉన్న సంక్లిష్ట రకంలో 29 శాతం కాన్సర్‌కి దారితీశాయి. ఒకే పేరున్న రెండు రిపోర్టుల మధ్య అంత తేడా.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. బీపీ ఇంట్లో రాసిపెట్టి కార్డియాలజిస్టుకి చూపించండి. మూత్రం విషయంలో ఇబ్బంది ఉందేమో నాన్నగారిని నేరుగా అడగండి, సిగ్గుపడి చెప్పకపోవచ్చు. గ్యాస్ట్రో డాక్టరుని అడగాల్సినవి మూడు: హెచ్. పైలోరీ పరీక్ష వేరే పద్ధతిలో చేయించారా, ముక్కలు ఎక్కడెక్కడి నుంచి తీశారు, ఏ రకం మెటాప్లాసియా. కారణం లేకుండా బరువు తగ్గడం, మలం తారులా నల్లగా రావడం, మింగడం కష్టమవడం, హిమోగ్లోబిన్ పడిపోవడం, వీటిలో ఏదైనా ఉంటే వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే వెళ్లండి.

రెండో అభిప్రాయం తీసుకోవాలనిపిస్తే మొహమాటపడొద్దు. ల్యాబ్‌ని అడిగితే స్లైడ్లు, బయాప్సీ ముక్కను పొదిగిన మైనం బ్లాకు ఇస్తారు. రిపోర్టు కాగితం ఫోటో పంపి 'ఒకసారి చూడండి సార్' అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు, స్లైడు కావాలి. బ్లాకుని ఎండ తగలకుండా చల్లటి చోట పెట్టండి, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే మైనం కరిగిపోతుంది.